నాలుగో పెట్టెను నాలుగోది అనరు

గత డిసెంబరు చివరి వారంలో మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరిగింది. జపానువాళ్లు కొత్త సంవత్సరం నాడు తినే ప్రతి పదార్థానికీ లోతైన అర్థం ఉందనీ, రొయ్య దీర్ఘాయువుకూ, తామర దుంప ముందుచూపుకూ, కొంబు అనే సముద్రపు నాచు ఆనందానికీ, నల్ల సోయా గింజలు ఆరోగ్యానికీ గుర్తులనీ, ఇంత ఆలోచించి తింటారు కాబట్టే వాళ్లు నూరేళ్లు బతుకుతున్నారనీ దాని సారాంశం. కింద ఇరవై దాకా దణ్ణాల బొమ్మలు పడ్డాయి. చివరి మాటను పక్కన పెడితే ఆ పట్టికలో పొరపాటేమీ లేదు. అయినా నాకు అది మింగుడుపడలేదు. ఉద్యోగరీత్యా నేను నాలుగేళ్లు టోక్యోలోని నిషికసాయ్‌లో ఉన్నాను. అందులో మూడు కొత్త సంవత్సరాలు ఒక సహోద్యోగి ఇంట్లో, ఆయన తల్లిగారు పెట్టిన భోజనం తిన్నాను. ఆ పట్టికలోని పదార్థాలన్నీ ఆ బల్ల మీద ఉండేవి. ఆ పట్టికలోని గాంభీర్యం మాత్రం అక్కడ ఎన్నడూ కనిపించలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జపాను పండుగ వంటల సంకేతాలలో పెద్ద భాగం వంటకంలో లేదు, నాలుక మీద ఉంది. నాలుక మీద అంటే రుచిగా కాదు, మాటగా. ఆ మాటను తీసేసి అర్థాన్ని మాత్రం పట్టికగా రాసుకుంటే మిగిలేది గింజ తీసిన టెంకాయ చిప్పే. ఇది ఒప్పించడం అంత తేలిక కాదని నాకూ తెలుసు, ఎందుకంటే నేను కూడా మొదట ఆ పట్టిక కోసమే వెళ్లాను.

ముతక చమత్కారం

మొదటి ఏడాది నేను చిన్న నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని వెళ్లాను. ఒసెచి అనే ఆ కొత్త సంవత్సరపు భోజనాన్ని జూబాకో అనే లక్క పెట్టెల్లో సర్ది, మన టిఫిన్ క్యారియర్ గిన్నెల మాదిరిగా ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పెద్దావిడ ఒక్కొక్క పెట్టె తీసి బల్ల మీద పరుస్తూ ఉంటే నేను ఒక్కొక్క పదార్థాన్నీ చూపించి "దీని అర్థం ఏమిటండీ" అని అడుగుతూ పోయాను. మొదటి రెండింటికి ఆవిడ ఓపికగా చెప్పారు. మూడోది కొంబు చుట్ట. చేపను నడుమ పెట్టి నాచుతో చుట్టి, ఎండు సొరకాయ పీచుతో ముడివేసి ఉడికించినది. దాని దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, "దజారె" అన్నారు.

దజారె అంటే మాటల చమత్కారం, అందులోనూ ముతక రకం. జపానులో నడివయసు మగవాళ్లు ఆఫీసు పార్టీల్లో విసిరి, ఎదుటివాళ్ల చేత నిట్టూర్పించే జాతిది. కొంబుకూ, సంతోషించడం అనే అర్థమున్న యొరొకొబుకూ చివర ధ్వని కలుస్తుంది, అంతే. తాయ్ అనే చేప ప్రతి శుభకార్యంలోనూ తోకతో సహా పళ్లెమెక్కడానికి కారణం, శుభప్రదం అని చెప్పే మెదెతాయ్ అన్న మాట దాని పేరుతో ముగియడమే. మామే అంటే గింజ. అదే ధ్వనికి ఒంట్లో సత్తువ ఉండడం, ఒళ్లు దాచుకోకుండా పనిచేయడం అన్న అర్థాలూ ఉన్నాయి కనుక నల్ల సోయా గింజలు తియ్యగా ఉడికి పెట్టెలోకి వచ్చాయి. రెండు గుండ్రటి మోచీలను, అంటే ఉడికించి దంచిన బియ్యపు ముద్దలను, ఒకదానిపై ఒకటి పెట్టి దేవుడి ముందు ఉంచే కగామి మోచి మీద నారింజ లాంటి పండొకటి ఉంటుంది. దాని పేరు దైదై. తరతరాలుగా అనడానికి కూడా జపాను భాషలో దైదై అనే అంటారు.

ఆ రోజు రైల్లో తిరిగి వస్తూ నేను కొంచెం నిరాశపడిన మాట నిజం. నేను ఆశించింది తత్వం, దొరికింది శ్లేష. వేల మైళ్లు దాటి వచ్చి, యునెస్కో 2013 డిసెంబరులో కొత్త సంవత్సరపు వేడుకలను ప్రత్యేకంగా పేర్కొంటూ మానవజాతి అమూర్త వారసత్వంగా గుర్తించిన వంటల సంప్రదాయాన్ని తరచి చూస్తే, లోపల ప్రాసలున్నాయా అనిపించింది. ద్వ్యర్థి కావ్యాలు రాసుకున్న భాషవాడినై ఉండి శ్లేషను తక్కువగా చూడడం ఏమిటన్న సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది.

లాభం, రెండు, మూడు

ఆ సిగ్గు వచ్చింది మా అమ్మమ్మ వల్ల. ఆవిడ తెనాలి దగ్గరి పల్లెలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు "ఒకటి" అని మొదలుపెట్టేది కాదు. "లాభం, రెండు, మూడు" అంటూ సాగి, ఆరు దాటాక "ఆరున్నొక్కటి" అని, ఎనిమిదికి వెళ్లిపోయేది. ఏడు అంటే ఏడవమన్నట్టు కదా. ఏడుపు లంకించుకున్న పిల్లవాణ్ణి చూసి ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడని మనం ఇప్పటికీ అంటున్నాం గాని, ఆ మాట ధాన్యపు రాశి పక్కన పుట్టిందని చాలామందికి స్ఫురించదు. బియ్యం అయిపోయాయని చెప్పవలసి వస్తే నిండుకున్నాయంటాం. దేవుడి దగ్గర దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. మంగళసూత్రం తెగితే పెరిగిందంటాం. వెళుతున్నానని చెప్పి గడప దాటితే వెనక్కి పిలిచి మరీ "వెళ్లొస్తాను" అనిపించే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

జపాను భాషలో వీటికి ఒక జాతి పేరే ఉంది, ఇమికొతొబ. అంటే అనకూడని మాటలు, వాటి స్థానంలో అనేవి. ఎండబెట్టిన స్క్విడ్‌ను సురుమె అంటారు. అందులోని సురుకు జూదంలో పోగొట్టుకోవడమన్న అర్థం ఉంది కాబట్టి, గెలుపు ధ్వనించేలా అతారిమె అని పేరు మార్చారు. బేరి జాతి పండు నషి. నషి అంటే లేదు అని కూడా అర్థం కనుక కొందరు దాన్ని అరినొమి, ఉన్న పండు, అన్నారు. పండుగ గడిచాక, ఎక్కువ చోట్ల జనవరి 11న, ఎండి బీటలువారిన కగామి మోచిని ముక్కలు చేస్తారు. దాన్ని కత్తితో కొయ్యరు, సుత్తితో కొడతారు. కొట్టి కూడా పగలగొట్టామని అనరు, తెరిచామంటారు. ఆ వేడుక పేరే కగామి బిరాకి, అద్దాన్ని తెరవడం. మోచి దంచే పనిని డిసెంబరు 29న పెట్టుకోరు, తొమ్మిదికి వాడే కు అన్న ధ్వనిలో కష్టం ఉంది కనుక. మా సహోద్యోగి తల్లిగారు 28వ తేదీకే ముగించేవారు. ఇక లక్క పెట్టెల్లో నాలుగోది. నాలుగుకు షి అనే ఉచ్చారణ ఉంది, మరణానికీ అదే. కాబట్టి ఆ పెట్టెను యో అనే మరో ఉచ్చారణతో పిలుస్తారు. అంతటితో ఊరుకోక, రాసేటప్పుడు నాలుగు అంకెకు బదులు ఇవ్వడం అనే అర్థమున్న వేరే అక్షరం రాస్తారు.

చిన్నప్పుడు అమ్మమ్మను అడిగాను, ఏడు అంటే నిజంగా ఏడుపొస్తుందా అని. "అనకపోతే నీకు పోయిందేమిట్రా?" అంది. నమ్మకానికీ వేళాకోళానికీ మధ్య ఉన్న ఆ ఇరుకు చోటు గురించే నేను మాట్లాడుతున్నది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దజారె అని నవ్విన పెద్దావిడ, మరుసటి ఏడాది కొంబు లేకుండా పెట్టె సర్దలేదు. నవ్వడానికీ మానకపోవడానికీ ఆవిడకు పేచీ కనిపించలేదు. వాట్సాప్ పట్టిక ఈ నవ్వును తీసేస్తుంది. తీసేశాక మిగిలినది చూసి, ఇదంతా మూఢనమ్మకమని ఒకరు, మహాజ్ఞానమని ఒకరు తగువు పడతారు.

మనకు ఈ పొరపాటు సహజంగా జరగడానికి ఉగాది పచ్చడి కూడా ఒక కారణమేమోనని నా అనుమానం. అందులో అర్థం రుచిలో ఉంది. తెలుగు ఒక్క ముక్క రానివాడి నోట్లో వేసినా వేపపువ్వు దగ్గర ముఖం చిట్లిస్తాడు, బెల్లం దగ్గర తేరుకుంటాడు. ఏడాదిలో అన్నీ ఉంటాయని ఆ తర్వాత చెబితే ఒప్పుకుంటాడు. కాబట్టి పండుగ వంట అంటే నోట్లో పెట్టుకుంటే తెలిసే ఉపమానం అన్న అంచనా మన లోపల ఉంటుంది. కొంబును ఎంత నమిలినా అందులోంచి ఆనందం రాదు. అది జపాను భాష వచ్చినవాడికే వస్తుంది, అది కూడా చెవిలోకి.

అన్నీ శ్లేషలు కావు

ఇక్కడ ఎవరైనా నన్ను నిలదీయవచ్చు, రొయ్య సంగతేమిటని. న్యాయమైన ప్రశ్నే. రొయ్య నడుము వంగి, మీసాలు సాగి ముసలివాడిలా ఉంటుంది కనుక అది పెట్టెలో ఉంది; దీనికి భాష అక్కర్లేదు. తామర దుంపను అడ్డంగా కోస్తే చిల్లుల్లోంచి అవతల కనిపిస్తుంది, ముందున్న రోజులు అలా కనబడాలని. చిలగడదుంప ముద్దలో వేసిన చెస్ట్‌నట్ గింజలు బంగారు రంగులో ఉంటాయి కనుక సంపద. ఇవి చూపుకు సంబంధించినవి, వీటి గురించి నాకు చెప్పడానికి ఎక్కువ లేదు.

నా వాదాన్ని నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే రెండు. మొదటిది తజుకురి, సోయా సాసూ చక్కెరా పట్టించిన ఎండు చిరుచేపలు. ఆ పేరుకు పొలం చేయడం అని అర్థం. ఒకప్పుడు ఆ చేపలను వరి పొలాలకు ఎరువుగా వేసేవారు, పంట బాగా వచ్చేది, కాబట్టి పంట కోసం అవి తింటారు. ఇందులో ప్రాస లేదు, పోలిక లేదు. ఒక కాలపు సేద్యం ఆ పేరులో నిలిచిపోయింది. తీరప్రాంతపు రైతు తన ఎరువునే పండుగ పళ్లెంలో పెట్టుకున్నాడన్న మాట, మొదటిసారి విన్నప్పుడు నాకు అన్ని శ్లేషలకన్నా ఎక్కువ నచ్చింది.

రెండోది కజునొకో. హెర్రింగ్ చేప గుడ్ల గుత్తి ఇది. పంటి కింద పటపటమంటుంది, ఉప్పు ఊరించి తీసి, చేప ముక్కల రసంలో నానబెడతారు. గుడ్లు లెక్కలేనన్ని ఉంటాయి కనుక సంతానసమృద్ధికి గుర్తు. హెర్రింగ్‌కు జపాను పేరు నిషిన్. తల్లిదండ్రులిద్దరూ అని అర్థం వచ్చే అక్షరాలతో కూడా దాన్ని రాయవచ్చు కాబట్టి శ్లేష ఇక్కడా తల దూర్చింది. అయితే ఈ గుర్తు వెనక ఒక పెద్ద కథ ఉంది. జపాను ఉత్తరాన ఉన్న హొక్కైదో తీరంలో 19వ శతాబ్దం చివర ఏడాదికి పది లక్షల టన్నుల దరిదాపుల్లో హెర్రింగ్ పడేది; తినగా మిగిలినదాన్ని, నిజానికి తిన్నదానికంటే చాలా ఎక్కువను, ఉడికించి నూనె పిండి, పిప్పిని ఎరువుగా దక్షిణాదికి పంపేవారు. 1950ల మధ్యకు వచ్చేసరికి ఆ చేప దాదాపు మాయమైంది. బీదవాళ్లు కూడా తిన్న కజునొకోను పసుపు వజ్రమని పిలవడం మొదలైంది. ఇప్పుడు చాలావరకు కెనడా, అలాస్కాల నుంచి వస్తుంది. సంతానసమృద్ధికి గుర్తైన చేపకే సంతతి లేకుండా పోయింది.

అది తినే దేశం సంగతి కూడా అందరికీ తెలిసిందే. 2024లో జపానులో పుట్టిన పిల్లలు 6,86,000 పైచిలుకు, ఒక్కో స్త్రీకి సగటు కాన్పుల రేటు 1.15. నేను మూడో ఏడాది వెళ్లినప్పుడు బల్ల చుట్టూ మేం ముగ్గురమే ఉన్నాం: పెద్దావిడ, నలభై ఆరేళ్లు వచ్చినా పెళ్లి చేసుకోని కొడుకు, నేను. ఆవిడ కజునొకో ముక్క ఒకటి తీసి కొడుకు పళ్లెంలో పెట్టారు. ఇంకొకటి పెట్టారు. ఆయన ఏమీ అనకుండా రెండూ తిని, టీవీ శబ్దం కొంచెం పెంచారు. అర్థాల పట్టికలో ఇలాంటిదానికి చోటుండదు. ఆ వంటకం ఆ ఇంట్లో ఆశీర్వాదమో, అడగలేని ప్రశ్నో, రెండూనో నేను తేల్చుకోలేకపోయాను; నోటితో అంటే గొడవ అయ్యే మాటను చాప్‌స్టిక్స్‌తో అనవచ్చునని మాత్రం చూశాను. పైన నాలుక మీద ఉందన్నాను కదా, అక్కడ నాలుక కదలనే లేదు. ఈ ఒక్కచోట నా వాదం కుంటుతోందని ఒప్పుకుంటున్నాను.

అంతా తర్వాత అతికించినదే కదా

మా సహోద్యోగి వాదన వేరు. ఆయన ఒసెచిని చిన్నప్పటి నుంచీ ఇష్టపడలేదు. చల్లగా, తియ్యగా, మూడు రోజులు అదే. వంటింటికి విశ్రాంతి అంటారు గాని అమ్మ డిసెంబరు చివరి నాలుగు రోజులూ పొయ్యి దగ్గరే నిలబడేదని ఆయన ఫిర్యాదు. దానికి నా దగ్గర సమాధానం లేదు. అంతకన్నా ముఖ్యంగా, ఈ అర్థాలన్నీ అమ్మకాల కోసం అతికించినవని ఆయన అనుమానం. సగం నిజమే. ఋతువుల సంధి రోజుల్లో రాజాస్థానంలో పెట్టే నైవేద్యానికి ఉన్న పేరు నుంచి ఒసెచి అనే మాట వచ్చినా, ఈనాడు ఫొటోల్లో చూసే పెట్టె రూపం ఆ పేరుతో దేశమంతటా స్థిరపడడంలో యుద్ధం తర్వాతి డిపార్టుమెంటు స్టోర్ల పాత్ర చాలా ఉంది.

కాని అర్థాలు తర్వాత వచ్చి చేరడం అమ్మకాలతో మొదలైన పని కాదు. ఇదే కొంబును ఒకప్పుడు యుద్ధానికి బయలుదేరే సమురాయ్ తినేవాడు, సాగగొట్టిన అబలోనీ అనే సముద్రపు నత్త, దంచిన ఎండు చెస్ట్‌నట్‌లతో కలిపి. మూడు పేర్లూ వరసగా చదివితే కొట్టి, గెలిచి, ఆనందించు అన్న ధ్వని వస్తుంది. ఇవాళ అమ్మమ్మలు మనవలకు పెట్టే ఆనందం ఒకప్పుడు తలలు నరికాక కలిగే ఆనందం. డిసెంబరు 31 రాత్రి తినే సోబా సేమ్యా ఇంకా విచిత్రం: పొడుగ్గా ఉంటుంది కనుక దీర్ఘాయువుకు గుర్తని ఒకరు, తేలిగ్గా తెగుతుంది కనుక పాత ఏడాది పీడను తెంచుకోవడమని ఇంకొకరు చెబుతారు. ఒకే దారప్పోగు సాగడానికీ గుర్తే, తెగడానికీ గుర్తే. శుభకార్యాలకు వండే ఎర్రన్నంలో అజుకి గింజలు వేస్తారు. ఎదో అని పిలిచిన నాటి టోక్యోలో మాత్రం, ఉడికేటప్పుడు అజుకి పొట్ట పగులుతుందనీ, అది సమురాయ్ కడుపు కోసుకోవడంలా ఉంటుందనీ చెప్పి, పగలని ససగె వేశారట. ససగె అంటే మరేమిటో కాదు, మన అలసందలే. ఇన్ని తీర్లుగా అర్థం మారుతూ వచ్చిన చోట, అసలు అర్థం ఫలానా అని పట్టిక రాసేవాడు ఏ శతాబ్దపు, ఏ ఊరి అర్థాన్ని రాస్తున్నట్టు?

అర్థం వచ్చి చేరడమే కాదు, కాలు జారి వెనక ఉండిపోవడం కూడా ఉంది. 1873లో జపాను చాంద్రమానాన్ని వదిలి పాశ్చాత్య పంచాంగానికి మారినప్పుడు పండుగల తేదీ అంకెలు అలాగే ఉండి, ఋతువులు వాటి కింద నుంచి జరిగిపోయాయి. జనవరి 7న ఏడు రకాల లేత ఆకులు వేసి గంజి కాచుకుంటారు. పాత లెక్కలో అది మంచు కరిగి చిగుళ్లు తొంగిచూసే వేళ. ఇప్పుడది నడి శీతాకాలం కనుక, ఆ ఆకులను వెచ్చటి షెడ్లలో పెంచి, ఏడూ కలిపి ప్లాస్టిక్ డబ్బాలో అమ్ముతారు. డబ్బా మీద ఆకుల పేర్లు వరసగా అచ్చువేసి ఉంటాయి. మా సహోద్యోగికి ఏడింట్లో రెండే తెలుసు. నేను పాఠంలా వల్లించాను కనుక నాకు ఏడూ తెలుసు, పొలంలో చూపిస్తే ఒక్కటీ గుర్తుపట్టలేను.

ఆయన పక్షాన బలమైన సాక్ష్యం ఎహొమాకి. ఫిబ్రవరి మొదట్లో వచ్చే సెత్సుబున్ నాడు, ఆ ఏటి శుభదిక్కుకు తిరిగి, మాట్లాడకుండా, కోయకుండా, లావాటి సుషి చుట్టను చివరంటా తినడం. కోస్తే బంధం తెగుతుంది. ఒసాకా వైపు ఉన్న ఈ అలవాటును 1989లో హిరోషిమాలో సెవెన్ ఇలెవెన్ దుకాణం అమ్మకానికి పెట్టింది, 1998లో దేశమంతటికీ తీసుకెళ్లింది; మా సహోద్యోగి తల్లి చిన్నప్పుడు దాని పేరే వినలేదు. అమ్ముడుపోని చుట్టలు గుట్టలుగా చెత్తలోకి పోవడంతో, గిరాకీకి తగినన్నే చేయండని 2019 జనవరిలో వ్యవసాయ మంత్రిత్వ శాఖ వ్యాపారులను కోరవలసి వచ్చింది. బంధం తెగకూడదని కోయకుండా ఉంచిన చుట్ట అలాగే చెత్తబుట్టలో పడడాన్ని నేను సమర్థించలేను.

అయినా ఎహొమాకి నకిలీ పండుగ, కొంబు అసలు పండుగ అనే గీత నాకు దొరకడం లేదు. పెద్దావిడ ఆ రాత్రి దిక్సూచి ఉన్న ఫోను కొడుకు చేతికిచ్చి, వాయవ్యమో ఆగ్నేయమో చూపించుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఆ చుట్టను నమలడానికి పావుగంట పట్టినా ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యలో నేను ఏదో అడిగితే వేలితో ఆగమన్నారు. దుకాణం నేర్పిన అలవాటే. దానిలో కూడా కోయడం అనే మాటకు భయపడే ఆ పాత చెవే పనిచేస్తోంది. వ్యాపారి కొత్త వంటకాన్ని తేగలిగాడు గాని, దాన్ని అమ్మడానికి వాడుకున్నది మాత్రం ఇమికొతొబనే.

నేను తిరిగి వచ్చేసే ముందు, ఆ చివరి జనవరిలో, భోజనమయ్యాక పెట్టెలు కడిగి తుడవడంలో సాయం చేశాను. ఆవిడ అత్తగారి నాటి పెట్టెలవి; వాటి అడుగున చిన్న కాగితాలు అంటించి వరస రాసి ఉంది. బల్ల మీదకు వచ్చినవి మూడే. ముగ్గురికి నాలుగు పెట్టెలు ఎందుకని కొన్నేళ్లుగా మూడే సర్దుతున్నారట. నాలుగోది ఎక్కడని అడిగాను. ఫ్రిజ్ పక్కన, టెలిఫోన్ కింద ఉంది. అందులో గ్యాస్ బిల్లులు, తపాలా బిళ్లలు, రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి. ఆవిడ వాటిని పక్కకు తీసి పెట్టెను తిరగేసి చూపించారు. పాత కాగితం ఊడిపోయినట్టుంది, తెల్లగా కొత్త కాగితం అంటించి ఉంది. దాని మీద బాల్‌పెన్నుతో, ఆవిడ చేతిరాతలో, ఇవ్వడం అనే అక్షరం.